సుగుణక్క అరికాలు

మా చర్చిలో ఒకమ్మాయి మొన్న జూన్‌లో సర్జరీ రెసిడెన్సీ ట్రైనింగ్‌లో చేరింది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "అంకుల్, మీరు మెలనోమా చాలా ఇయర్స్ చేశారు కదా, నాకు ఏం తెలియాలి?" అని అడిగింది. చేతిలో కాఫీ, కళ్ళు ఫోన్ మీద. నాకిచ్చిన టైము ఆ కాఫీ అయ్యేదాకా. నేను ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే కాఫీ అయిపోయింది, పేజర్ మోగింది, పిల్ల వెళ్ళిపోయింది.

అందుకని రాస్తున్నాను. నేను ఏ ఏడు ఏ పదవిలో ఉన్నానో, గోడ మీద ఏ ఏ అవార్డు పలకలు ఉన్నాయో రాయను. అవి మా ఆవిడ కరుణ పోయినేడు గరాజ్‌లో పెట్టేసింది, మంచి పని చేసింది. ఒక బాసు గురించి, ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను. బాసు మంచివాడు. తప్పు నాది.

ఐదు సెంటీమీటర్ల రోజులు

నేను గుంటూరులో చదువుకుని డెబ్భైలలో మిషిగన్ వచ్చాను. డెట్రాయిట్ పక్కన ఒక ఆస్పత్రిలో సర్జరీ ట్రైనింగ్ అయ్యాక, డాక్టర్ కొవాల్‌స్కీ అనే ఆయన దగ్గర చేరాను. ఆరడుగుల మనిషి, పెద్ద చేతులు. ఆ చేతులతో ఇంత సన్నటి కుట్లు ఎలా వేస్తాడా అని కొత్తవాళ్ళం చూస్తూ నిలబడేవాళ్ళం. నా పేరు శామ్యూల్ అయితే ఆయనకి మొదటి రోజు నుంచీ సామ్. నర్సులకి ఆయనంటే భయం, రోగులకి ఆయనంటే ప్రాణం. రెండింటికీ కారణం ఒకటే, ఆయన దేన్నీ వదిలిపెట్టడు.

మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. పైకి ఒక మచ్చలా ఉంటుంది, అంతే. పల్చగా ఉన్నప్పుడు కత్తితో తీసేస్తే చాలామంది మళ్ళీ మన మొహం చూడక్కర్లేదు. లోతుకి దిగితే మాత్రం గజ్జల్లోకో చంకల్లోకో పాకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకీ మెదడుకీ పోతుంది. ఆ రోజుల్లో అలా పోయాక మా దగ్గర చెప్పుకోదగ్గ మందు లేదు. ఇప్పుడు మీ కుర్ర డాక్టర్ల దగ్గర ఉన్నాయి, వాటిని చూస్తే నాకు అసూయగానే ఉంటుంది. మాకున్నదల్లా కత్తి. కాబట్టి కత్తిని నమ్మాం, అవసరానికి మించి నమ్మాం.

ఆ రోజుల్లో రూలు ఏమిటంటే, మచ్చ అంచు నుంచి చుట్టూ ఐదు సెంటీమీటర్లు కొలిచి, కింద కండరం దాకా మొత్తం తీసెయ్యాలి. మచ్చ బఠాణీ అంత ఉన్నా మనం తీసేది భోజనం పళ్ళెమంత. ఆ గుంట మీద తొడ నుంచి తీసిన చర్మం అతికేవాళ్ళం. కొవాల్‌స్కీ జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది. గీత నాలుగున్నర దగ్గర గీస్తే స్కేలు నా చేతికిచ్చి, "సామ్, మీ దేశంలో సెంటీమీటరు పొట్టిదా?" అనేవాడు. నేను చెరిపి మళ్ళీ గీసేవాణ్ణి.

మా పాథాలజిస్టు ఒక ముసలావిడ. మైక్రోస్కోపు ముందు నుంచి లేవకుండానే లంచ్ తినేది. మచ్చ ఎంత వెడల్పన్నది కాదు, చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నదే రోగి ఆయుష్షు చెబుతుందని ఆవిడ నాకు మొదటి వారమే కూర్చోబెట్టి చూపించింది. "పల్చటి దానికీ లోతైన దానికీ మీరు ఒకే గుంట తవ్వుతున్నారు, అదేం వైద్యం?" అని దెబ్బలాడేది. కొవాల్‌స్కీ వినేవాడు, నవ్వేవాడు, మళ్ళీ ఐదే కొలిచేవాడు.

నోరా కాలు

నోరా ఒక హైస్కూల్లో పిల్లలతో ఆటలు ఆడించే టీచరు. ఇరవై ఆరేళ్ళు. పిక్క మీద చిన్న మచ్చ, పాథాలజీలో చాలా పల్చనిదని వచ్చింది. కొవాల్‌స్కీ ఐదు కొలిచాడు, నేను గీశాను, ఇద్దరం కలిసి తీశాం. పిక్కలో సగం పోయినట్టయింది. అతికించిన చర్మం బాగానే పట్టింది. ఆపరేషన్ చక్కగా జరిగిందని మేం చేతులు కూడా కలుపుకున్నాం.

కొన్నేళ్ళకి లోకం మా పాథాలజిస్టు చెప్పిన దారికొచ్చింది. పల్చటి మచ్చలకి అంత అక్కర్లేదని సర్జన్ల మీటింగుల్లో గట్టిగా చెప్పడం మొదలైంది. ఒకరోజు కొవాల్‌స్కీ క్లినిక్ లిస్టులో నోరా పేరు చూశాను. చెకప్ టైము కాదు. ఆయనే పిలిపించాడట.

ఆయనకి ఒక అలవాటుంది. చెడ్డ మాట ఎప్పుడూ నిలబడి చెప్పడు. స్టూలు లాక్కుని, రోగి కంటే తన తల కిందకి ఉండేలా కూర్చుంటాడు. ఆ రోజూ అలాగే కూర్చుని, "నోరా, నీ కాల్లో నేను తియ్యాల్సినదానికంటే ఎక్కువ తీశాను. అప్పుడు అవసరమనే నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఆ సంగతి వేరేవాళ్ళ నోటి నుంచి నువ్వు వినకూడదని పిలిచాను," అన్నాడు.

ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోలేదు. ఎర్రబడిపోయింది. "నేను షార్ట్స్ వేసుకుని గ్రౌండ్‌లోకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో తెలుసా?" అంది. ఆయన తెలియదన్నాడు. ఆవిడ చెప్పింది. ఆ తర్వాత వేరే డాక్టరుకి మారిపోయింది.

నేను ఆయనతో లిఫ్టులో దిగుతూ, "చెప్పకపోతే ఏం పోయేది?" అని అడిగాను.

"చూడు సామ్, తప్పు చేసిన సర్జన్ ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పుకుంటాడు. ఆవిడ అయ్యో అంటుంది, సూప్ ఇస్తుంది. ఆ మాట పోవాల్సింది పెళ్ళాం దగ్గరికి కాదు," అన్నాడు.

నేను తలూపాను. అర్థమైందనే అనుకున్నాను. నాకు అప్పటికి అలాంటి తప్పు ఏదీ లేదనుకుంటున్నాను కదా, తలూపడం తేలిక.

బేస్‌మెంట్ ప్రార్థన

అప్పట్లో మాకు తెలుగు చర్చి లేదు. ఆ చుట్టుపక్కల పది పన్నెండు తెలుగు క్రైస్తవ కుటుంబాలం, రెండో ఆదివారం మధ్యాహ్నం దేవదానం బావగారింట్లో కలిసేవాళ్ళం. ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు. ఆయన భార్య సుగుణక్క నర్సు, వేరే ఆస్పత్రిలో పన్నెండు గంటల డ్యూటీలు చేసేది. బాపట్ల పక్క మనిషి. నాకు రక్తసంబంధం లేదు, కానీ నేను వచ్చిన మొదటి చలికాలం కోటు కొనిపించింది ఆవిడే, మా పెళ్ళికి కరుణ తరఫున నిలబడింది ఆవిడే. అక్కా అంటే అక్కే.

వాళ్ళ బేస్‌మెంట్‌లో కార్పెట్ పరిచి ఉండేది. అందరం చెప్పులూ బూట్లూ మెట్ల దగ్గర విడిచి కింద కూర్చునేవాళ్ళం. మంచు పడేటప్పుడు మేమంతా సాక్స్ ఉంచుకునేవాళ్ళం. సుగుణక్క మాత్రం అవి కూడా విప్పేది. కాలికి ఏదో తొడుక్కుని ప్రార్థన చేస్తే వాళ్ళమ్మ ఒప్పుకునేది కాదట. ప్రార్థనకి అందరం మోకాళ్ళూనేవాళ్ళం. అలా మోకరిస్తే ముందు వరసవాళ్ళ అరికాళ్ళు వెనక వరసవాళ్ళకి బాగా కనిపిస్తాయి. నేను ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి వెనక కూర్చునేవాణ్ణి. బావగారి ప్రార్థన చాలా పొడుగు, ఆంధ్ర దేశంలోని జిల్లాలన్నీ అయ్యాక గానీ ఆమెన్ రాదు. నేను మధ్యలో కళ్ళు తెరిచేవాణ్ణి.

సుగుణక్క కుడి అరికాల్లో, మడమకి కాస్త ముందు, నల్లటి మచ్చ ఉండేది. మొదట నేను చూసినప్పుడు కందిగింజంత. నేనొక్కణ్ణే కాదు, అందరం చూశాం. ఒకసారి భోజనాల దగ్గర ఎవరో దాని గురించి అడిగితే, "అరికాల్లో మచ్చ ఉంటే దేశాలు తిరుగుతారని మా అత్తగారు చెప్పేది. అందుకే ఇక్కడ తేలాను," అంది. అందరం నవ్వాం. "అయితే వీసా ఆఫీసులో పాస్‌పోర్టు బదులు కాలు చూపించారా అక్కా?" అని నేనే అన్నాను. ఆ జోకు బాగా పేలింది.

నేను ఆ రోజుల్లో వారానికి ముగ్గురు నలుగురు మెలనోమా రోగుల్ని చూస్తున్నాను. అందరూ తెల్లవాళ్ళు. పడవల్లో తిరిగేవాళ్ళు, పొలాల్లో పనిచేసేవాళ్ళు, వీపు ఎండకి ఎర్రగా కమిలిపోయినవాళ్ళు. నేను చదివిన పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్ల చర్మం మీదే. నల్ల చర్మం వాళ్ళకి ఈ జబ్బు అరుదనీ, వస్తే మాత్రం ఎక్కువగా ఎండ తగలని చోటే, అరికాల్లో, అరచేతిలో, గోరు కింద వస్తుందనీ అదే పుస్తకంలో ఒక పేరా ఉంది. పరీక్షకి చదివాను, మార్కులొచ్చాయి, అక్కడితో సరి. చర్చి పిక్నిక్‌లో పక్కవాళ్ళు ఎండకి లోషన్ రాసుకుంటుంటే, "మనకి దేవుడిచ్చిన కోటింగ్ ఉంది, మనకెందుకండీ," అని ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి కూడా నేనే. ఇవాళ రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

రెండు వేసవులు గడిచాయి. మచ్చ పెద్దదయింది. అంచులు తడి కాగితం మీద సిరా పాకినట్టు అయ్యాయి. అదీ చూశాను. చూసి, ఆమెన్ అన్నాను.

తెల్ల మేజోళ్ళు

బయటపెట్టింది వాళ్ళమ్మాయి శాంతి. హైస్కూల్లో చదువుతోంది అప్పుడు. బట్టలు ఉతికే డ్యూటీ ఆ పిల్లది. ఒకరోజు మా ఇంటికి ఫోన్ చేసింది. "అంకుల్, మమ్మీ వైట్ స్టాకింగ్స్‌లో రోజూ బ్లడ్ వస్తుంది. అడిగితే బూటు కరిచింది అని చెప్తుంది. బట్, సిక్స్ మంత్స్ ఎట్లా కరుస్తుంది?"

నేను ఫోన్ పెట్టేశాను. ఆ ఒక్క నిమిషంలో ఆ రెండేళ్ళ అరికాళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి. ఏం చూశానో అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడే క్లినిక్‌కి రప్పించాను. మచ్చ మధ్యలో పుండు. నర్సు అయ్యుండి ఆర్నెల్లుగా బ్యాండ్‌ఎయిడ్ వేసుకుని డ్యూటీ చేస్తోంది. "నిలబడి నిలబడి ఒరిసింది అనుకున్నా తమ్ముడూ," అంది. ముక్క తీసి పంపాం. పాథాలజిస్టు నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు తన కుర్చీ ఇచ్చింది. ఆవిడ కుర్చీ ఎవరికీ ఇవ్వదు. రెండు మిల్లీమీటర్లు దాటింది. మరీ లోతు కాదు, పల్చనా కాదు, మధ్యలో ఎటైనా పోగలిగే లోతు.

ఆ సాయంత్రం కొవాల్‌స్కీకి అంతా చెప్పాను, ప్రార్థనలో చూసిన సంగతితో సహా. ఆయన నన్ను తిట్టలేదు. "ఆవిడకి చెప్పావా?" అన్నాడు. "ఆపరేషన్ అయ్యాక చెబుతా, ఇప్పుడు భయపడి ఉంది," అన్నాను. ఆయన నా వైపు కాసేపు చూసి, స్కేలు బయటికి తీశాడు.

ఐదు కొలిస్తే మడమ మొత్తం పోతుంది. అతికించిన పల్చటి చర్మం మీద మనిషి బరువు ఆగదు, పగులుతుంది. ఆవిడ బతుకంతా నిలబడే ఉద్యోగం. రెండున్నర చాలని, కాలి వంపు దగ్గర నుంచి మందపాటి చర్మాన్ని రక్తనాళంతో సహా తిప్పి మడమ మీదికి తేవచ్చని నేను వాదించాను. గంటసేపు వాదించాను. నోరా సంగతి జరక్కపోయి ఉంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఒప్పుకున్నాక మాత్రం ఒక పని చేశాడు, అది నేను చచ్చేదాకా మర్చిపోను. ఆపరేషన్ రోజు చేతులు కడుక్కుని వచ్చి, నా ఎదురుగా అసిస్టెంటు నిలబడే చోట నిలబడి, కోసిన చోటు తెరిచి ఉంచే కొక్కేలు నాలుగు గంటలు నాకు పట్టుకున్నాడు. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

గజ్జల్లో ఉండే లింఫు గడ్డలేవీ వాచి చేతికి తగల్లేదు. ముందు జాగ్రత్తగా అన్నీ తీసెయ్యాలా, వేచి చూడాలా అన్నది అప్పట్లో పెద్ద తగువు. తీస్తే కాలు జీవితాంతం వాస్తుంది. వేచి చూద్దామన్నాను. ఆ నిర్ణయం తప్పని నేను ఇవాళ్టికీ అనుకోను. నా తప్పు వేరే ఉంది.

సాక్ష్యం

మా వాళ్ళలో కూడికకి వచ్చినప్పుడు ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడం ఉంటుంది. సాక్ష్యం అంటాం. ఆపరేషనయిన ఏడాదికి సుగుణక్క లేచి నిలబడింది. రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడింది, అది చూసి నేను మురిసిపోతుండగా మొదలుపెట్టింది.

"దేవుడు నాకోసం ఒక తమ్ముణ్ణి గుంటూరు నుంచి తెచ్చి, చదివించి, నా వెనకే కూర్చోబెట్టాడు. ఇంతమంది డాక్టర్లున్న దేశంలో నా వెనకే కూర్చోబెట్టాడు. నా ప్రాణం వాడి చేతిలో పెట్టాడు. దేవునికి స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. నేను తల వంచుకున్నాను. అందరూ అది వినయం అనుకున్నారు. ఆ రోజు బిర్యానీ నోట్లో పెట్టలేకపోయాను. కార్లో కరుణ, "ఎప్పుడు చెబుతారు?" అంది. కరుణకి మొదటి రోజే చెప్పాను, చెప్పొద్దూ, సూప్ కూడా ఇచ్చింది.

చెబుదామనే ప్రతి చెకప్‌కీ అనుకునేవాణ్ణి. ఆవిడ మాగాయ సీసాతో వచ్చేది. నోరా మొహం గుర్తొచ్చేది. నోరా కొవాల్‌స్కీకి ఒక రోగి, వెళ్ళిపోతే వెళ్ళిపోయింది. సుగుణక్క వెళ్ళిపోతే ఈ దేశంలో నాకు అక్క లేదు. నిజం ఇంతే, ఇంకే పెద్ద కారణమూ లేదు. రెండో ఏడూ లేచి అదే సాక్ష్యం చెప్పింది, ఈసారి ఇంకాస్త పొడుగ్గా.

ఆ వేసవిలోనే చెకప్‌లో కుడి గజ్జలో ఒక గడ్డ నా వేలికి తగిలింది. చిక్కుడు గింజంత, గట్టిగా ఉంది. ఆవిడ నర్సు కదా, నా వేలు ఎక్కడ ఆగిందో చూసింది.

"వచ్చిందా?" అంది.

"వచ్చినట్టే ఉందక్కా. తీస్తే గానీ తెలీదు."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

"అక్కా, ఆపరేషన్ ఎవరితో చేయించుకోవాలో మీరు తేల్చుకునే ముందు ఒక మాట చెప్పాలి. మీ కాలి మచ్చ నేను మొదట చూసింది ఈ క్లినిక్‌లో కాదు. మీ బేస్‌మెంట్‌లో. ప్రార్థనలో మీ వెనక మోకరించినప్పుడు."

"చూస్తావు. అందరూ చూశారు."

"అందరూ మెలనోమా సర్జన్లు కాదక్కా. అది పెరగడం చూశాను. అంచు మారడం చూశాను. రెండు వేసవులు. తెల్లవాడి కాలి మీద అదే మచ్చ చూసుంటే ఆ రోజే ముక్క తీసేవాణ్ణి. మన కాలు కాబట్టి మచ్చే అనుకున్నాను. జోకు కూడా వేశాను."

ఆవిడ బొటనవేలు వేళ్ళ కణుపుల మీద కదిలింది. మనసులో నెలలు లెక్కపెట్టుకుంటోందని తెలుస్తోంది.

"అప్పుడే తీసుంటే?"

"పల్చగా ఉండేది. బహుశా గజ్జ దాకా వచ్చేది కాదు."

"బహుశా?"

"బహుశానే. ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కానీ నేను ఆ మాట చాటున దాక్కోను."

"శాంతి పెళ్ళి చూస్తానా?"

"తెలీదక్కా. ఒక్క గడ్డతో ఆగితే కొంతమంది చాలా ఏళ్ళు బతుకుతారు. ఎక్కువ గడ్డల్లో ఉంటే ఆశ తక్కువ."

పర్సు తీసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగింది. "ప్రార్థనలో కళ్ళు తెరుచుకుని ఉంటావా?"

"అప్పుడప్పుడు."

"తెరిచినవాడివి సరిగ్గా చూడొద్దా, తమ్ముడూ?"

తలుపు మెల్లిగానే వేసింది. విసిరి వేసుంటే బాగుండేది.

మూడు రోజులు ఫోన్ లేదు. నాలుగో రోజు దేవదానం బావగారు చేశారు. ఎప్పుడూ పావుగంట కుశలాలు అడిగే మనిషి, ఆ రోజు ఏమీ అడగలేదు. "శామ్యూల్, ఆపరేషన్ నువ్వే చెయ్యాలంటోంది. వేరే పెద్ద ఆస్పత్రికి పోదామని నేనన్నాను, శాంతి కూడా అంది. వినట్లేదు. ఎందుకే అంటే, 'ఇక వాడు నా ఒంట్లో దేన్నీ వదలడు' అంటోంది," అన్నారు. గొంతులో కోపం ఉంది. ఆ కోపం ఆయనకి చాలా కాలం ఉంది, ఉండాల్సిందే.

గజ్జ ఆపరేషన్

గజ్జలో గడ్డలన్నీ తీసి మొత్తం శుభ్రం చేశాను. అంత నిదానంగా నేను ఏ ఆపరేషనూ చెయ్యలేదు. మత్తు ఇచ్చే డాక్టరు రెండుసార్లు గడియారం చూశాడు, చూడనిచ్చాను. పాథాలజిస్టు తీసిన గడ్డలన్నీ ఒక్కొక్కటీ కోసి చూసింది. ఒక్కదాంట్లోనే ఉంది. మిగిలినవన్నీ శుభ్రం.

కుర్రాళ్ళకి ఇక్కడొక మాట. ఒక్క గడ్డ అంటే గెలిచినట్టు కాదు. అదే ఏడు అదే లోతుతో, అదే ఒక్క గడ్డతో ఒక పోస్ట్‌మాన్ మా దగ్గరికొచ్చాడు. అదే ఆపరేషన్ అంతే జాగ్రత్తగా చేశాను. ఏడాదిన్నరకి ఊపిరితిత్తుల్లో వచ్చి పోయాడు. సుగుణక్క శాంతి పెళ్ళి చూసింది, ఇద్దరు మనవల్ని ఎత్తుకుంది, ఎనభై దాటి ఇప్పుడు శాంతి ఇంట్లోనే ఉంది. వాచిన కాలికి బిగుతు మేజోడు తొడగడానికి రోజూ పొద్దున్నే శాంతితో గొడవపడుతుంది. వాళ్ళిద్దరికీ తేడా ఎందుకొచ్చిందో నాకు తెలియదు. తెలుసని ఎవరైనా సర్జన్ చెబితే అతని దగ్గర జాగ్రత్తగా ఉండండి. మన చేతిలో ఉన్నది ముందుగా చూడడం ఒక్కటే. ఆ ఒక్కటీ నేను చెయ్యలేదు. స్కాన్లు ఆర్డర్ చేసే ముందు రోగి సాక్స్ విప్పించి అరికాళ్ళు చూడమని మీ ప్రాణాలు తీసేది అందుకే.

అరికాళ్ళ ఆదివారం

గజ్జ ఆపరేషనయిన రెండు నెలలకి సుగుణక్క మళ్ళీ కూడికకి దిగొచ్చింది. వాళ్ళింటి మెట్లే, అయినా బావగారు చెయ్యి పట్టుకుని దింపారు. మోకరించడం కుదరదు కాబట్టి కుర్చీ వేశారు. నేను మామూలుగానే వెనక ఉన్నాను. బావగారు నాతో మాట్లాడలేదు. సాక్ష్యాలు చెప్పే వేళ ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"పోయిన రెండేళ్ళూ నేను చెప్పిన సాక్ష్యంలో సగమే ఉంది," అంది. "మిగతా సగం ఇవాళ చెబుతాను. తమ్ముడు నా మచ్చ ముందే చూశాడు. గుర్తుపట్టలేదు. ఆ సంగతి వాడే నాకు చెప్పాడు, చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నేనూ నర్సునే, నేనూ గుర్తుపట్టలేదు. మీరందరూ చూశారు, నవ్వారు, నేనూ నవ్వాను. మనకిలాంటివి రావనుకున్నాం. ఇప్పుడు ఎవరూ ఏడవక్కర్లేదు. అందరూ సాక్స్ విప్పండి."

ఎవరో పెద్దాయన, "ఇక్కడా సిస్టర్? ప్రార్థనలోనా?" అన్నారు.

"ఇక్కడే. తర్వాతంటే ఎవరూ చూపించరు. నేను మిమ్మల్ని ఎరుగుదును. గోడకి ఆనుకుని కాళ్ళు చాపండి."

బావగారు నా దగ్గరికొచ్చి ఏమీ అనకుండా గరాజ్‌లోంచి తెచ్చిన టార్చిలైటు నా చేతిలో పెట్టారు. నెలల తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూశారు.

బేస్‌మెంట్ గోడ పొడుగునా ముప్ఫై మంది కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. నేను కార్పెట్ మీద మోకాళ్ళ మీద ఒక్కొక్కరి దగ్గరికీ జరిగాను. అరికాలు, వేళ్ళ సందులు, గోళ్ళు. పిల్లలు చక్కిలిగిలికి కిందపడి దొర్లారు. ఒకాయన సాక్స్‌కి చిల్లులున్నాయని వాళ్ళావిడ అందరి ముందే తిట్టింది. ఒకరికి ఆనెకాయ, ఒకరికి గోరింటాకు మిగులు, ఒక కుర్రాడికి పెన్నుతో వేసుకున్న కారు బొమ్మ. ఒకావిడ బొటనవేలి గోరు కింద నల్లచార నచ్చలేదు, సోమవారం రమ్మన్నాను. అది దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తమని తర్వాత తేలింది. మిగతా అందరికీ ఏమీ లేదని చెప్పేసరికి నా మోకాళ్ళు పట్టేశాయి, కళ్ళు మసకబారాయి. అవి ఎందుకు మసకబారాయో కరుణకి తెలుసు, పక్కనుంచి తన చెంగు నా చేతికిచ్చింది.

చివరికి కుర్చీ దగ్గరికొచ్చాను. సుగుణక్క ఎడమ కాలు ముందుకి చాపింది. ఆపరేషన్ కానిది.

రెండు చేతుల్లోకి తీసుకున్నాను. లైటు వేసి మడమ చూశాను, వంపు చూశాను, ఐదు వేళ్ళూ విడదీసి ఒక్కొక్క సందూ చూశాను.

"ఏమీ లేదక్కా," అన్నాను.

ఆవిడ కాలు వెనక్కి తీసుకోలేదు.

"ఇంకోసారి చూడు," అంది.